తడి పెట్టినప్పుడల్లా దారి మార్చుకున్న ప్యాకెట్లు: ఒక పామాయిల్ తోట కేస్ స్టడీ

2017 ఏప్రిల్ మూడో వారంలో ఒక పొద్దున్నే పెదనాన్న ఫోన్ చేశారు. "ఏరా, నీ గీతల్లో ముప్పాతిక పోయాయి. తోటలో తడి ఉందో లేదో నాకెలా తెలియాలి?" గీతలంటే ఆయన ఫోన్‌లో కనిపించే నేల తేమ గ్రాఫులు. తోటలో 24 చోట్ల పెట్టిన సెన్సర్ నోడ్లలో (సెన్సర్, చిన్న రేడియో, బ్యాటరీ ఉన్న పెట్టెలు) 18 ఒక్క రాత్రిలో మూగబోయాయి. మధ్యాహ్నానికి అందులో కొన్ని మళ్ళీ పలికాయి గానీ, మిగతావి రాలేదు. ఏడాది వస్తాయని నేను మాటిచ్చిన బ్యాటరీలు అవి. పెట్టి 74 రోజులే అయింది.

ఆ 74 రోజుల్లో తోటలో ఏం జరిగింది, దాన్ని ఎలా పట్టుకున్నాం, ఏ మార్పు ఎంత పనిచేసింది అన్నది ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. సెన్సర్ నెట్‌వర్కుల్లో శక్తి పొదుపు చేసే రూటింగ్, అంటే సమాచారం ఏ దారిన వెళ్ళాలో ఎంచే పద్ధతి, మీద మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఏటా ఎన్నో ప్రాజెక్టులు వస్తుంటాయి. దాదాపు అన్నీ సిమ్యులేషన్‌లో మొదలై సిమ్యులేషన్‌లోనే ముగుస్తాయి. ఆ పని చేస్తున్న పిల్లలకు ఒక నిజమైన తోట లెక్క చేతిలో ఉంటే బాగుంటుందని నా కోరిక. నేను నేర్చుకున్నది ముందే చెప్పేస్తాను: ప్యాకెట్ (నోడ్ రేడియోలో పంపే సమాచారపు మూట) వెళ్ళే దారి ఎంత దగ్గరదన్నదాని కంటే, ఆ దారి ఎంత నిలకడగా ఉందన్నదే బ్యాటరీని కాపాడింది.

తోట, పెట్టెలు, మొదటి లెక్క

తోట జంగారెడ్డిగూడెం వైపు ఉంది. అప్పుడది పశ్చిమ గోదావరి జిల్లా, ఇప్పుడు ఏలూరు జిల్లా. పొడవు 400 మీటర్లు, వెడల్పు 180 మీటర్లు, అంటే 18 ఎకరాలకు కాస్త తక్కువ. పామాయిల్‌ని 9 మీటర్ల త్రికోణ పద్ధతిలో నాటుతారు కాబట్టి ఎకరానికి 57 చెట్లు, మొత్తం వెయ్యి పైచిలుకు. ఎండాకాలంలో చెట్టుకు రోజుకు 200 లీటర్ల పైనే నీళ్ళు కావాలి. అంటే ఈ ఒక్క తోటకే రోజుకు రెండు లక్షల లీటర్లు. బోరు ఏటేటా లోతుకు పోతున్న చోట ఏ మూల నిజంగా ఎండింది, ఏ మూల అనవసరంగా తడుస్తోంది అన్నది తెలిస్తే మోటారు గంటలు మిగులుతాయి. ఈ పని పెట్టుకున్నది అందుకే.

తోటని నాలుగు బ్లాకులుగా చేసి, వాల్వులు మార్చుకుంటూ మైక్రో జెట్లతో తడి పెడతారు. మోటారు రోజుకు ఏడు గంటలు నడిచేది. నోడ్లను పొడవునా 50 మీటర్లకొక వరస చొప్పున ఎనిమిది వరసలు, వరసకు మూడు పెట్టాను. బోర్డులు పాత టెలోస్‌బీలు: 10 కిలోబైట్ల ర్యామ్, సీసీ2420 రేడియో, రెండు పెన్‌టార్చి సెల్స్. సాఫ్ట్‌వేర్ కాంటికి అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్, రూటింగ్ చూసేది ఆర్‌పీఎల్ అనే ప్రోటోకాల్, రేడియోని నిద్రపుచ్చి లేపే పని కాంటికిమ్యాక్‌ది. నోడ్ల రీడింగులన్నీ అందుకుని మొబైల్ నెట్‌వర్కులోకి పంపే గేట్‌వేని రోడ్డు వైపు చివర మోటారు షెడ్డులో పెట్టాం, ఎందుకంటే కరెంటు, మొబైల్ సిగ్నల్ రెండూ ఉన్నది అక్కడే. చిట్టచివరి వరస నుంచి షెడ్డుకి ఒక రీడింగ్ చేరాలంటే ఏడు హాప్‌లు (ఒకరి నుంచి ఇంకొకరికి ఒక్కో గెంతు) పట్టేది.

లెక్క ఇలా వేసుకున్నాను. ఈ రేడియో వింటున్నప్పుడు 18.8 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. రెండు మంచి ఆల్కలైన్ సెల్స్ నుంచి నమ్మకంగా 2000 మిల్లీ ఆంపియర్ అవర్ వస్తుందనుకుంటే, రేడియోని పూర్తిగా ఆన్‌లో ఉంచితే 106 గంటలకు, అంటే నాలుగున్నర రోజుల్లోపే అయిపోతాయి. అదే రేడియో నూటికి ఒక వంతు సమయమే మేలుకుంటే 440 రోజులు దాటుతుంది. మూడు వంతులైతే 148 రోజులు, ఐదైతే 88 రోజులు. ఇంట్లో బల్ల మీద నాలుగు నోడ్లు పెట్టి చూస్తే డ్యూటీ సైకిల్, అంటే రేడియో మేలుకున్న సమయపు వాటా, ఒక శాతానికి అటూ ఇటూ వచ్చింది. దాన్ని పట్టుకుని ఏడాది వస్తుందని చెప్పేశాను. బల్ల మీద నాలుగు నోడ్లూ ఒకదానికొకటి మూరెడు దూరంలో ఉన్నాయి. మధ్యలో ఆకు లేదు, నీళ్ళు లేవు, ఒకరి ప్యాకెట్ ఇంకొకరు మోసే పని లేదు.

ఇంకో తప్పు కూడా అప్పుడే చేశాను. రేడియో ఎంతసేపు విన్నది, ఎంతసేపు పంపింది అని లెక్కపెట్టే ఎనర్జెస్ట్ సౌకర్యం కాంటికిలో ఉంది. ప్యాకెట్ చిన్నగా ఉంటుందని ఆ అంకెలు పంపించలేదు. పన్నెండు బైట్లు మిగిల్చాను, 74 రోజుల చరిత్ర పోగొట్టుకున్నాను.

ఒక్క నోడ్ మీద పద్దెనిమిది నోడ్ల బరువు

చనిపోయింది నిజానికి ఒక్కటే, రెండో నెంబరు నోడ్. షెడ్డుకి దగ్గరి వరసలో మధ్యది. గెలలు మోసే దారి దాని ముందు నుంచి తిన్నగా షెడ్డు గుమ్మం దాకా ఉంటుంది, మధ్యలో ఒక్క మట్ట అడ్డం లేదు. ఆర్‌పీఎల్ దారిని ఎంచేది ఈటీఎక్స్‌ని బట్టి: ఒక ప్యాకెట్ అవతలికి చేరడానికి సగటున ఎన్నిసార్లు పంపాల్సి వస్తోంది అన్న లెక్క అది. ఆ కొలతలో రెండో నోడ్‌కి సాటి లేదు. అందుకే వెనకున్న 21 నోడ్లలో 17 దాని మీదుగానే వెళ్ళాయి. పక్కనున్న ఒకటి, మూడు నోడ్లకు చెరి రెండు మిగిలాయి.

మొత్తం తోట వాడే శక్తిని కూడితే ఇదే అతి పొదుపైన అమరిక. ప్రోటోకాల్ తన పని సరిగ్గానే చేసింది. అడగాల్సింది ఇంకొకటి: ముందుగా ఆగిపోయే నోడ్ ఎన్నాళ్ళు బతుకుతుంది? రెండోది పోయాక దాని బరువంతా మూడో నోడ్ మీద పడింది. వెనక వరసల నుంచి దానికి ఏటవాలుగా ఉన్న లింకులు బలహీనం కావడంతో ఒక్కో ప్యాకెట్ రెండు మూడు సార్లు పంపాల్సి వచ్చింది. అది ఇంకో మూడు వారాలు లాగింది. మే రెండో వారానికి తోట మొత్తం చీకటి. వెనక వరసల పెట్టెలు విప్పి మీటరు పెడితే చాలా వాటిలో సగానికి పైగా బ్యాటరీ ఉంది. బతికున్న నోడ్లు తోటనిండా ఉన్నాయి, వాటి మాట బయటకు తెచ్చే దారి లేదు.

అయినా నాకు సమాధానం దొరకలేదు. పద్దెనిమిది నోడ్ల బరువున్నా రెండో నోడ్ 74 రోజులకే పోకూడదు. నిమిషానికొక రీడింగ్ చొప్పున నిమిషానికి 18 ప్యాకెట్లు. కాంటికిమ్యాక్‌లో ప్రతి నోడ్ సెకనుకు ఎనిమిది సార్లు, అంటే 125 మిల్లీసెకన్లకోసారి, ఒక్క క్షణం మేలుకుని చెవి ఒగ్గి మళ్ళీ పడుకుంటుంది. పంపేవాడు అవతలివాడు లేచేదాకా అదే ప్యాకెట్‌ని వరసగా పంపుతూ ఉండాలి. సగటున అది 62 మిల్లీసెకన్లు. అవతలివాడు లేచే వేళ గుర్తుపెట్టుకుని సరిగ్గా అప్పుడే పంపే సదుపాయం ఉంది గానీ, ఎండకు గడియారాలు జరిగి గురి తప్పుతోందని దాన్ని ఆపేశాం. 18 ప్యాకెట్లకు నిమిషంలో 1.1 సెకను, అంటే రెండు శాతం లోపు. దానికి మామూలు మేలుకోళ్ళు, వినడాలు కలిపితే మూడు శాతం. ఆ లెక్కన 148 రోజులు రావాలి. మిగతా సగం జీవితాన్ని ఎవరు తిన్నారు?

మోటారు మీద అనుమానం

మే చివర అన్ని నోడ్లకూ కొత్త సెల్స్ వేసి, ఈసారి ఎనర్జెస్ట్ అంకెలు గంటకోసారి పంపేలా ప్రోగ్రాం మార్చాను. రెండు రోజుల్లో బొమ్మ తేలింది. రాత్రిళ్ళు రెండో నోడ్ మూడు శాతం దగ్గరే ఉంది. మోటారు నడిచే గంటల్లో ఆరుకి, ఒక దశలో 15 శాతానికి పోతోంది.

మోటారు వేళకి సరిపోయింది కాబట్టి మోటారునే అనుమానించాను. పెద్ద మోటారు, పాత స్టార్టర్, వేసినప్పుడల్లా షెడ్డులో బల్బు మసకబారుతుంది. రేడియోకి దీని వల్లే ఇబ్బంది అని గట్టిగా అనుకుని గేట్‌వేని షెడ్డు బయటకు జరిపాను, వైరుకి కరెంటు గోలని అడ్డుకునే ఫెరైట్ రింగులు తొడిగాను. నాలుగు రోజులు పోయాయి, అంకె కదల్లేదు.

దారి చూపించింది వాల్వులు తిప్పే పెద్దాయన. నేను షెడ్డు ముందు లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటే వచ్చి, "బాబుగారండీ, జెట్లు వదిలినప్పుడల్లా మీ పెట్టెలో ఎర్రలైటు ఆగకుండా కొట్టుకుంటందండి. నీళ్ళు ఆపేస్తే నిదానంగా వెలుగుద్ది" అన్నాడు. పెట్టె మూత పారదర్శకం, ప్యాకెట్ పంపినప్పుడు వెలిగే లైటు అది. పరీక్షల కోసం పెట్టి, తీసేయడం మర్చిపోయాను. రోజూ ఆ వరసల్లో తిరిగే మనిషి కంటికి ఆనింది, నా గ్రాఫుల్లో లేదు.

మర్నాడు ఇద్దరం కలిసి పరీక్ష పెట్టాం. మోటారు వేసి, తోట వాల్వులన్నీ మూసి, నీళ్ళు మొత్తం షెడ్డు పక్క సిమెంటు తొట్టిలోకి వదిలాం. రెండు గంటలపాటు మోటారు పూర్తి బరువుతో నడిచింది, నోడ్ల లైట్లు ఎప్పటిలా నింపాదిగా వెలిగాయి. తర్వాత మోటారు ఆపకుండానే మొదటి బ్లాక్ వాల్వు తిప్పాడు. పది నిమిషాలు గడవక ముందే రెండో నోడ్ లైటు మిణుగురులా కొట్టుకోవడం మొదలైంది. మోటారు తప్పేమీ లేదు.

నేను పెట్టెల్ని చెట్టు మొదలుకి, మోకాలెత్తులో కట్టాను. సెన్సర్ వైరు పొట్టిది కాబట్టి పాదుకి దగ్గరగా ఉండాలి. జెట్ తుంపర సరిగ్గా అక్కడే పడుతుంది. మూత మీద నీటి పొర, చుట్టూ తడిసిన గడ్డి, వేలాడే మట్టల మీద నీళ్ళు. 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కి నీళ్ళంటే పడదు. పొడిగా ఉన్నప్పుడు షెడ్డు దగ్గర మైనస్ 84 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలత, మైనస్ అంకె పెద్దదయ్యే కొద్దీ బలం తక్కువ) ఉన్న సిగ్నల్ తడిలో మైనస్ 91కి జారింది. ఈ రేడియో వినగలిగే అంచు మామూలుగా మైనస్ 95 దగ్గర. అంచుకి అంత దగ్గరలో చెట్టు ఆకు కదిలినా ప్యాకెట్ పోతుంది. దానికి తోడు మధ్యాహ్నపు వేడి. పెట్టె లోపల వేడెక్కితే ఈ రేడియో పంపే బలం, వినే శక్తి రెండూ కొంత తగ్గుతాయి.

బ్యాటరీని నిజంగా తిన్నది

లింకు పాడైతే ప్యాకెట్ మళ్ళీ పంపాలి, అది ఎవరికైనా తెలుసు. గేట్‌వే వినలేకపోయిన ప్రతి ప్రయత్నానికి పూర్తి 125 మిల్లీసెకన్లు ఖర్చు. ఒక్కో ప్యాకెట్ రెండుసార్లు విఫలమై మూడోసారి వెళ్తే 312 మిల్లీసెకన్లు. నిమిషానికి 18 ప్యాకెట్లకు 5.6 సెకన్లు, అంటే తొమ్మిది శాతం పైన.

నేను ఊహించనిది మిగతా భాగం. ఆర్‌పీఎల్‌లో ప్రతి నోడ్ తన స్థితిని డీఐవో అనే చిన్న సందేశంతో చుట్టుపక్కలకి చాటుతూ ఉంటుంది. ఎంత తరచుగా చాటాలన్నది ట్రికిల్ టైమర్ నిర్ణయిస్తుంది. అంతా ప్రశాంతంగా ఉంటే విరామం రెట్టింపవుతూ పోతుంది: మా సెట్టింగుల్లో నాలుగు సెకన్లతో మొదలై 17 నిమిషాల దాకా. ఏదైనా తేడా వస్తే మళ్ళీ నాలుగు సెకన్లకి పడిపోతుంది. చక్కని ఆలోచన ఇది, ఇప్పటికీ నాకు ఇష్టమైనది. కానీ మా నోడ్లలో పేరెంట్ (నోడ్ తన ప్యాకెట్లు అప్పగించే పై నోడ్) మారిన ప్రతిసారీ టైమర్ మొదటికి వచ్చేది. తడి బ్లాకులో లింకులన్నీ ఊగుతుంటే నాలుగో నోడ్ ఒకసారి రెండుని పట్టుకుంటుంది, ఇంకోసారి ఒకటిని పట్టుకుంటుంది, మళ్ళీ రెండుకి వస్తుంది. దాని ర్యాంకు (గేట్‌వేకి ఎంత దూరమన్న లెక్క) మారితే దాని కింద ఉన్న ఏడో నోడ్ కూడా లెక్క తిరగేస్తుంది. ఎవరి టైమరూ నాలుగైదు సెకన్లు దాటి పెరగదు.

డీఐవో అందరికీ చాటే సందేశం కాబట్టి, నిద్రలో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారైనా లేచేలా పూర్తి 125 మిల్లీసెకన్లు పంపాలి. ఐదు సెకన్లకోసారి 125 మిల్లీసెకన్లంటే రెండున్నర శాతం. ఒక్క రీడింగ్ కూడా మోయకుండా, కేవలం "నేనిక్కడ ఉన్నాను" అని చెప్పుకోవడానికి నోడ్ తన ఏడాది జీవితంలో సగానికి పైగా ఖర్చు పెడుతోంది. పైగా గేట్‌వే నుంచి నోడ్‌కి కిందికి మాట్లాడే దారుల కోసం ప్రతి పేరెంట్ మార్పుకీ ఇంకో సందేశం పైదాకా వెళ్ళేది. మేం కిందికి ఏమీ పంపడమే లేదు.

తన బ్లాకులో తడి ఉన్నప్పుడు, వాల్వు మూశాక ఆకులు ఆరేదాకా పట్టే గంటతో కలిపి, రోజుకు మూడు గంటల దాకా 15 శాతం. మిగతా బ్లాకుల్లో తడి ఉన్న నాలుగు గంటలు ఆరు శాతం. మిగిలినంతసేపు మూడు శాతం. సగటు ఐదు. రేడియోతో పాటు ప్రాసెసర్, నేను మర్చిపోయిన ఆ ఎర్రలైటు, సెన్సర్ ఖర్చు కలిపితే 1.1 మిల్లీ ఆంపియర్. 2000ని దాంతో భాగించండి: 75 రోజులు. పేపరు మీద ఆ అంకె వచ్చినప్పుడు నిజంగా ఊపిరి పీల్చుకున్నాను.

ఏం మార్చాం

అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇనప పైపులు. పెట్టెల్ని పాదుల దగ్గర నుంచి తీసి, గెలలు మోసే దారి పక్కన రెండు మీటర్ల జీఐ పైపుల మీదికి ఎక్కించాం, సెన్సర్ వైర్లు పొడిగించాం. నరికిన మట్టలు ఒక వరస వదిలి ఒక వరసలో పేరుస్తారు కాబట్టి ఆ వరసల జోలికి పోలేదు. కోత మనుషులకి పైపులు కనబడాలని ఎర్ర గుడ్డ కట్టాం. అయినా మొదటి కోతలోనే పదకొండో పెట్టె మీద గెల పడింది, మూత పగిలింది. కోత కొక్కెం ఎటు తిరుగుతుందో వాళ్ళనే అడిగి పైపు ఇంకో వైపు పాతాం. సిగ్నల్ పొడిగా ఉన్నప్పుడు మైనస్ 78కి వచ్చింది, తడిలో కూడా మైనస్ 81 దాటి దిగలేదు.

రెండోది గేట్‌వే. షెడ్డులో కరెంటు అన్ని వేళలా ఉండదు, పోయినప్పుడు బ్యాటరీ మీద నడవాలని దాని రేడియోని కూడా మిగతావాటిలాగే నిద్రపుచ్చి లేపుతున్నాను. పక్కనున్న మొబైల్ మోడెం దానికి ఎన్నో రెట్లు లాగుతుంటే, ఈ 18.8 మిల్లీ ఆంపియర్ల పొదుపు ఎవరికోసం? గేట్‌వే రేడియోని ఎప్పుడూ వింటూనే ఉండేలా మార్చగానే, దానికి పంపే నోడ్ మొదటి ప్రయత్నంలోనే జవాబు అందుకుని పడుకోవడం మొదలుపెట్టింది. ప్యాకెట్‌కి 62 మిల్లీసెకన్లు పట్టేది ఐదారుకి దిగింది. ఒక్క లైను కోడ్ అది.

తర్వాత రూటింగ్‌ని నెమ్మదింపజేయడం. కొత్త పేరెంట్ ఇప్పుడున్నదాని కంటే అర ఈటీఎక్స్ మెరుగ్గా కనిపిస్తే చాలు, మా నోడ్లు మారిపోయేవి. ఈటీఎక్స్‌తో దారి ఎంచే పద్ధతికి ప్రమాణంగా ఉన్న ఆర్‌ఎఫ్‌సీ 6719 సూచించే గడప 192, అంటే ఒకటిన్నర ఈటీఎక్స్. అది పెట్టాం. ఇప్పుడు ఒక నోడ్ తన పేరెంట్‌ని వదలాలంటే తేడా నిజంగా పెద్దదై ఉండాలి. కాస్త నాసి దారిలో కొన్ని ప్యాకెట్లు ఎక్కువ సార్లు పోతాయి, పోనివ్వండి. ఒక పేరెంట్ మార్పు రేపే డీఐవోల ఖర్చు ముందు అవి లెక్కలోకి రావు. కిందికి మాట్లాడే దారులు పూర్తిగా ఆపేశాం.

నిమిషానికో ప్యాకెట్ కూడా పోయింది. రీడింగ్ తీసుకోవడం చవక, పంపడం ఖరీదు. తేమ కదులుతున్నప్పుడు నోడ్ నిమిషానికోసారి కొలిచి దాచుకుంటుంది, పావుగంటకోసారి అన్నీ ఒకే ప్యాకెట్లో పంపుతుంది. పెదనాన్న ఫోన్‌లో గీత పావుగంట ఆలస్యంగా కదులుతుంది. వాల్వు ఎప్పుడు కట్టాలో తెలుసుకోవడానికి ఆ ఆలస్యం అడ్డు కాలేదు.

మిగిలిన బ్యాటరీని బట్టి దారి

ఇది పుస్తకాల్లో అందరూ మెచ్చుకునే పద్ధతి కాబట్టి జూన్‌లో మనస్ఫూర్తిగా ప్రయత్నించాను. ఈటీఎక్స్‌కి తోడు పేరెంట్ బ్యాటరీ వోల్టేజీని కూడా కలిపి, బలంగా ఉన్న నోడ్ వైపు మొగ్గేలా చేశాను. కూజా సిమ్యులేటర్‌లో నోడ్లన్నీ ఒకేసారి అలసిపోయాయి, చూడ్డానికి ముచ్చటగా ఉంది.

తోటలో ఆరు రోజులకే తీసేశాను. ఆల్కలైన్ సెల్ వోల్టేజీ లోపల ఎంత మిగిలిందో నిజాయితీగా చెప్పదు. వేడికి పెరుగుతుంది, ఇప్పుడే ప్యాకెట్ పంపి ఉంటే పడిపోతుంది. పొద్దున తూర్పు వైపు పెట్టెల మీద ఎండ పడితే అవి బలంగా కనిపించాయి, దారులు అటు వంగాయి. సాయంత్రం పడమటి వైపు. దారులు మిగిలిన శక్తిని కాకుండా ఎండని వెంబడించాయి. వంగిన ప్రతిసారీ ట్రికిల్ మళ్ళీ నాలుగు సెకన్లు. పొదుపు కోసం పెట్టినదే ఖర్చయింది.

తర్వాత వోల్టేజీని పక్కన పెట్టి, ఎనర్జెస్ట్ లెక్కపెట్టిన ఖర్చుని మూడే మూడు మెట్లుగా చేసి, రాత్రి రెండింటికి ఒక్కసారే మారేలా పెట్టాను. ఇది నిలబడింది. ఈ పద్ధతిలో పనిచేయాలనుకునే వాళ్ళకి నా సలహా ఇదే: మిగిలిన శక్తిని కొలవకండి, ఖర్చయినదాన్ని లెక్కపెట్టండి, దాన్ని బట్టి దారిని రోజుకోసారికి మించి కదపకండి.

లీచ్ ఎందుకు వద్దనుకున్నాం

చాలామంది అడిగే ప్రశ్న ఇది. హైన్‌జెల్‌మన్, చంద్రకాసన్, బాలకృష్ణన్ 2000లో ప్రతిపాదించిన లీచ్ పద్ధతిలో నోడ్లు వంతులవారీగా క్లస్టర్ పెద్దలవుతాయి, పెద్ద తన గుంపు సమాచారం కూర్చి నేరుగా బేస్ స్టేషన్‌కి (మా గేట్‌వే లాంటిది) పంపుతుంది. బరువుని పంచుకోవాలన్న ఆలోచన గొప్పది. మా రెండో నోడ్ జబ్బుకి మందు అదే అనిపిస్తుంది కూడా. కానీ ఏ నోడ్ అయినా బేస్ స్టేషన్‌ని నేరుగా అందుకోగలదన్నది దాని పునాది. 400 మీటర్ల పామాయిల్ తోటలో ఈ రేడియో రెండో వరసని దాటి అందుకోవడమే కష్టం.

దూరం పెరిగే కొద్దీ పంపడానికి శక్తి ఎక్కువ అవుతుంది, కాబట్టి చిన్న చిన్న హాప్‌లతో పొదుపు అన్న లెక్క కూడా ఇక్కడ నిలవదు. సీసీ2420 పూర్తి బలంతో, అంటే సున్నా డీబీఎం దగ్గర, పంపితే 17.4 మిల్లీ ఆంపియర్లు. బలాన్ని మైనస్ 25కి, అంటే మూడు వందల రెట్లకు పైగా తగ్గిస్తే 8.5. మూడు వందల రెట్లు తగ్గించినా కరెంటు సగమే తగ్గింది. పూర్తి బలంతో పంపడం కంటే వినడమే ఖరీదు. ఇలాంటి రేడియోతో అదనపు హాప్ అంటే ఇంకో నోడ్ ప్యాకెట్ వినాలి, మళ్ళీ పంపాలి. అందుకని అన్ని నోడ్లనూ పూర్తి బలం మీదే ఉంచి, హాప్‌లు తగ్గించే దారి వెతికాం.

ఆ దారి తోట మధ్యలో దొరికింది. గేట్‌వేని షెడ్డు నుంచి తీసి, నాలుగు ఐదు వరసల మధ్య ఒక పైపు మీదికి, చిన్న సోలార్ ప్యానెల్, స్కూటర్ సైజు బ్యాటరీతో మార్చాం. ప్యానెల్ ఎవరైనా ఎత్తుకుపోతారని పెదనాన్న వారం రోజులు ఒప్పుకోలేదు. మొబైల్ సిగ్నల్ కోసం యాంటెన్నాని మట్టల పైకి లేపాల్సి వచ్చింది. ఏడు హాప్‌లు నాలుగయ్యాయి. గేట్‌వేకి నేరుగా అందే నోడ్లు మూడు కాస్తా ఆరయ్యాయి. ఎక్కువ బరువు మోసే నోడ్ మీద 18కి బదులు ఏడు నోడ్లే పడ్డాయి. దారి ఎంచే కొలతలో చేసిన ఏ మార్పూ బరువుని ఇంతగా పంచలేదు.

ఇంతా అయ్యాక అన్ని నోడ్లూ ఒక శాతం దగ్గరికి చేరాయి, అందులో ఎక్కువ భాగం ఉత్త మేలుకోళ్ళదే. ట్రాఫిక్ తగ్గింది కాబట్టి సెకనుకు ఎనిమిది మేలుకోళ్ళని నాలుగు చేశాం. ఒక్కో ప్యాకెట్ పంపడానికి పట్టే సమయం రెట్టింపైనా గంటకు 28 ప్యాకెట్లకు అదొక లెక్క కాదు. నిమిషానికో ప్యాకెట్ పంపిన రోజుల్లో ఇదే మార్పు చేసి ఉంటే ఖర్చు పెరిగేది. జూలై మొదటి వారంలో అన్నిటికీ కొత్త సెల్స్ వేసి, ఎర్రలైటు తీసేసి, వదిలేశాం. డ్యూటీ సైకిల్ అర శాతానికీ 0.7కీ మధ్య నిలబడింది. వానాకాలంలో జల్లులకు కొంచెం లేచేది గానీ, వేసవి తడుల నాటి 15 శాతం మళ్ళీ కనబడలేదు.

పందొమ్మిదో నోడ్ ఒక్కటి ఇప్పటికీ నాకు తృప్తిగా లేదు. దాని చుట్టూ నాటు తప్పి చెట్లు ఒత్తుగా ఉన్నాయి, ఒక్క పేరెంటే అందుతుంది, అది కాస్త తడిసినా ఈ నోడ్ గంటల తరబడి ఒంటరి. దానికి ఇంకో పైపు, మధ్యలో ఉత్త రిలేగా ఒక నోడ్ కావాలి.

2018 జూన్‌లో, పదకొండు నెలలకు, సెల్స్ మార్చేద్దామని వెళ్ళాను. వాల్వులు తిప్పే పెద్దాయన నిచ్చెన పట్టుకుని వెంట వచ్చాడు. ముందు రెండో నోడ్ పెట్టె విప్పాం. గేట్‌వే మధ్యకి జరిగాక అది ఎవరి ప్యాకెట్లూ మోయని చివరి నోడ్. మీటరు 2.56 వోల్టులు చూపించింది. రేడియోకి 2.1 ఉంటే చాలు. "ఇంకా ఉందాండి?" అన్నాడు. ఉందన్నాను. ఆ సెల్స్‌నే మళ్ళీ లోపల పెట్టి మూత బిగించి, మూడో నోడ్ వైపు నిచ్చెన జరిపాం.